రేడియోహెడ్ 'ఓకే కంప్యూటర్': తరచుగా అడిగే ప్రశ్నలు

ఎవరికైనా ఈ ఆల్బమ్ వినమని చెప్పడం, వారం తిరక్కుండా అవే సందేహాలు తిరిగి రావడం నాకు మామూలైపోయింది. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీ డౌట్ ఎక్కడుంటే అక్కడికే వెళ్లిపోండి. ఒక్క విషయం మాత్రం ముందే చెప్పేస్తాను. పేరు చూసి చాలామంది ఇది కంప్యూటర్ల మీద తీసిన ఆల్బమ్ అనుకుంటారు. నా ఉద్దేశంలో ఇది ప్రయాణాల మీద, మనిషికి ఊపిరాడనివ్వని స్పీడు మీద తీసిన ఆల్బమ్. జవాబుల్లో ఆ పక్షపాతం అక్కడక్కడా కనిపిస్తుంది.

## వినడానికి ముందు

అసలు రేడియోహెడ్ అంటే ఎవరు? క్లుప్తంగా చెప్పండి.

ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ దగ్గర అబింగ్డన్ అనే ఊళ్లో ఒకే స్కూల్లో చదువుకున్న ఐదుగురు. పాడేది టామ్ యార్క్. గిటార్, కీబోర్డులు జానీ గ్రీన్‌వుడ్, రెండో గిటార్ ఎడ్ ఒబ్రయన్, బేస్ జానీ వాళ్ల అన్న కోలిన్ గ్రీన్‌వుడ్, డ్రమ్స్ ఫిలిప్ సెల్వే. 1985లో మొదలైనప్పుడు బ్యాండ్ పేరు 'ఆన్ ఎ ఫ్రైడే', ఎందుకంటే ప్రాక్టీసు శుక్రవారాల్లో ఉండేది. 1991లో ఈఎంఐతో ఒప్పందం కుదిరాక, టాకింగ్ హెడ్స్ బ్యాండ్ పాట ఒకదాని పేరు తీసుకుని రేడియోహెడ్ అయ్యారు. ఇన్నేళ్లలో ఒక్కరు కూడా మారలేదు. రాక్ బ్యాండ్లలో ఇది వింతే.

'క్రీప్' పాడింది వీళ్లే కదా? ఆ పాట ఇందులో ఉందా?

వీళ్లే, కానీ ఇందులో లేదు. 'క్రీప్' 1992లో వచ్చిన సింగిల్, 1993 నాటి మొదటి ఆల్బమ్ 'పాబ్లో హనీ'లో ఉంటుంది. ఆ పాట కోసమని ఇందులోకి వచ్చేవాళ్లకు మొదట నిరాశే ఎదురవుతుంది. మధ్యలో 1995లో వచ్చిన 'ది బెండ్స్' విని వస్తే దారి సాఫీగా ఉంటుంది.

'ఓకే కంప్యూటర్' అని ఆ పేరేంటి?

1996లో టూర్ బస్సులో బ్యాండ్ అంతా కలిసి డగ్లస్ ఆడమ్స్ రాసిన 'ది హిచ్‌హైకర్స్ గైడ్ టు ది గెలాక్సీ' రేడియో నాటకం వినేవాళ్లు. అందులో జాఫాడ్ అనే పాత్ర వ్యోమనౌకలోని కంప్యూటర్‌ని 'ఓకే కంప్యూటర్' అని పిలిచి, నడిపే పని పూర్తిగా తన చేతికే ఇచ్చేయమంటాడు. ఆ మాటను మొదట వేరే పాటకు తాత్కాలికంగా పెట్టుకున్నారు. తర్వాత ఆ పాట 'పాలో ఆల్టో' అయింది, పేరు ఆల్బమ్‌కి దక్కింది. జాఫాడ్ అడుగుతున్నది స్టీరింగ్ అని గుర్తుపెట్టుకోండి. కంప్యూటర్ ఈ ఆల్బమ్‌లో కూర్చున్నది డ్రైవర్ సీట్లోనే.

ఎంతసేపు ఉంటుంది? ఒకేసారి వినాలా, విడివిడిగా వినొచ్చా?

12 పాటలు, 53 నిమిషాల చిల్లర. మొదటిసారి మాత్రం షఫుల్ ఆపేసి వరసగా వినండి. ఇక్కడ పాటల వరసే సగం పని చేస్తుంది. 'క్లైంబింగ్ అప్ ద వాల్స్' అరుపులతో, వయొలిన్ల రొదతో ముగిసిన మరుక్షణం 'నో సర్‌ప్రైజెస్' జోలపాటలా మొదలవుతుంది. ఆ రెండింటినీ విడదీస్తే రెండూ చిన్నబోతాయి.

ఎక్కడ వినాలని అడిగేవాళ్లకు నా జవాబు: కదిలే బండిలో, కిటికీ పక్కన. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే రాత్రి బస్సు అయితే చక్కగా సరిపోతుంది. డ్రైవర్ సినిమా పెట్టకపోతే.

ఫోన్ స్పీకర్‌లో వింటే సరిపోదా?

సరిపోదు. 'ఎగ్జిట్ మ్యూజిక్' చివర్లో లేచే బేస్ గిటార్ ఫోన్ స్పీకర్‌లో వినపడనే వినపడదు, పాట మొత్తం నడిచేది ఆ ఘట్టం కోసమే. ఖరీదైన సిస్టమ్ ఏమీ అక్కర్లేదు, మామూలు ఇయర్‌ఫోన్స్ చాలు.

## మొదటిసారి వింటున్నప్పుడు

ఒకసారి విన్నా. అన్నీ ఏడుపుగొట్టు పాటల్లానే ఉన్నాయి. అందరూ ఎందుకంత పొగుడుతున్నారు?

టామ్ యార్క్ గొంతు వల్ల అలా అనిపిస్తుంది. సంతోషంగా ఉన్నా సాగదీసి పాడతాడు. రెండోసారి వింటున్నప్పుడు గొంతుని వదిలేసి ఒక్క వాయిద్యం వెంట పడండి. మొదటి పాట 'ఎయిర్‌బ్యాగ్'లో బేస్ గిటార్ వినండి. నాలుగు స్వరాలు వాయించి ఆగిపోతుంది, మళ్లీ ఎప్పుడు వస్తుందో చెప్పలేం. 1970ల నాటి డబ్ సంగీతంలో (రెగె నుంచి పుట్టిన శైలి) ఉండే పద్ధతి అది. ఆ ఖాళీల్లో డ్రమ్స్ గింగిరాలు తిరుగుతుంటాయి. ఇలా ఏదో ఒకటి చెవికి చిక్కితే మిగతావి వాటంతటవే విచ్చుకుంటాయి.

అప్పటికీ నచ్చకపోతే వదిలేయండి. నచ్చి తీరాలన్న రూలేం లేదు. 'గొప్ప ఆల్బమ్' అన్న ముద్ర చూసి వినే వాళ్లకే ఇది ఎక్కువగా బోర్ కొడుతుంది.

ఇంగ్లీష్ బాగానే వచ్చు, అయినా అతను పాడేది ఒక్క ముక్క అర్థం కావట్లేదు. ఏం చేయాలి?

ఇంగ్లీష్ మాతృభాష అయినవాళ్లదీ ఇదే ఫిర్యాదు. యార్క్ పదాలను మింగేస్తాడు, పైగా రాసింది కథలా సాగదు. ఎక్కడో చదివిన వాక్యం, ప్రకటనలోని ముక్క, ఎవరో అన్న మాట ఇలా పక్కపక్కన పేర్చుకుంటూ పోతాడు. సీడీతో వచ్చిన చిన్న పుస్తకంలో చూద్దామా అంటే అక్కడ కావాలనే అక్షరదోషాలు, విరిగిన వాక్యాలు. పైగా, పాటలు రాసింది తామే అయినా దయతో అనుమతి పొంది ముద్రించామని కంపెనీని ఎకసెక్కెం చేస్తూ ఒక వాక్యం కూడా వేశారు. కాబట్టి మొదట ధ్వనిగా వినండి, మాటలు తర్వాత చూసుకోవచ్చు.

'పారనాయిడ్ ఆండ్రాయిడ్' ఒక పాటా, మూడు పాటలు కలిపి అతికించారా?

అతికించారనే చెప్పాలి. వేర్వేరుగా పుట్టిన ముక్కల్ని కలిపి 6 నిమిషాల 23 సెకన్ల పాట చేశారు. ఈ విషయంలో వాళ్లకు ధైర్యమిచ్చింది బీటిల్స్ చేసిన 'హ్యాపీనెస్ ఈజ్ ఎ వార్మ్ గన్'. మొదట్లో ఇది ఇంకా పొడుగు. 1996 ఆగస్టులో అలానిస్ మోరిసెట్ కచేరీలకు ముందు వాయించే బ్యాండ్‌గా అమెరికా తిరిగినప్పుడు, చివర్లో జానీ ఆర్గన్ వాయిస్తూ పోవడంతో పాట పావుగంట దాకా సాగేది. అలానిస్ కోసం వచ్చిన జనం ఎంత ఓపిక పట్టారో పాపం.

దగ్గరగా వింటే నిర్మాణం ఇలా ఉంటుంది. మొదటి రెండు నిమిషాలు అకూస్టిక్ గిటార్ మీద మెల్లగా నడుస్తుంది. 2 నిమిషాల దగ్గర కొత్త రిఫ్, అంటే మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్క, మొదలవుతుంది. తాళం వేస్తూ వినండి, నాలుగు లెక్కలో హాయిగా పోతూ కొన్ని చోట్ల ఏడు లెక్కలోకి తొట్రుపడుతుంది. మిశ్రచాపు అలవాటున్న చెవికి ఇది ఇట్టే దొరుకుతుంది, లేనివాళ్లకు కాలు తడబడినట్టుంటుంది. ఆ తర్వాత గిటార్ సోలో. మూడున్నర నిమిషాల దగ్గర వేగం అమాంతం పడిపోయి, యార్క్ గొంతునే పొరలు పొరలుగా వేసిన బృందగానం వస్తుంది. ఈ భాగం రాసింది జానీ. అది ప్రార్థనలా పైకి లేచి, ఐదున్నర నిమిషాల దగ్గర మళ్లీ పాత రిఫ్ మీద విరుచుకుపడి పాట తెగిపోతుంది.

దేని గురించి అంటే, లాస్ ఏంజెలెస్‌లో ఒక బార్‌లో యార్క్ గడిపిన చెడ్డ రాత్రి గురించి. ఒకామె మీద ఎవరో డ్రింక్ ఒలకబోస్తే ఆమె మొహంలో కనిపించిన కోపం చూసి ఆ రాత్రి నిద్ర పట్టలేదని చెప్పాడు. పేరు మాత్రం 'హిచ్‌హైకర్స్ గైడ్'లో ఎప్పుడూ దిగులుగా ఉండే రోబో మార్విన్‌ది.

ఏడో ట్రాక్‌లో రోబో ఏదో చదువుతుంది. స్కిప్ చేయొచ్చా?

'ఫిట్టర్ హ్యాపియర్', రెండు నిమిషాల లోపే. ఆ గొంతు పాత మ్యాకింటాష్ కంప్యూటర్లలో సింపుల్‌టెక్స్ట్ అనే ప్రోగ్రామ్‌తో వచ్చే 'ఫ్రెడ్' అనే వాయిస్. చదివేది ఒక జాబితా: ఆరోగ్యంగా ఉండాలి, ఎక్కువ తాగకూడదు, వారానికి మూడు రోజులు జిమ్‌కి వెళ్లాలి, ఆఫీసులో అందరితో సఖ్యంగా ఉండాలి. వినేకొద్దీ అది తీర్మానాల జాబితా నుంచి శిక్షల జాబితాలా మారిపోతుంది. రాయడం సాగక ఇబ్బంది పడుతున్న రోజుల్లో యార్క్ పది నిమిషాల్లో రాసిపడేశాడట. ఆ యంత్రం గొంతే తాను విన్న వాటిలో అత్యంత భావోద్వేగమైనదని కూడా అన్నాడు.

చాలామంది స్కిప్ చేస్తారు, నేను చేయను. అప్రైజల్ ఫారం నింపినవాళ్లెవరైనా ఒక్కసారి వినాల్సిందే.

'లెట్ డౌన్' ఈమధ్య రీల్స్‌లో తెగ వినిపిస్తోంది. ఇది పాత పాటేనా?

ఈ ఆల్బమ్‌లోని ఐదో పాట, అంటే 1997 నాటిది. అప్పట్లో సింగిల్‌గా కూడా పెద్దగా బయటికి రాలేదు. టిక్‌టాక్ పుణ్యమా అని 2025లో అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలోకి ఎక్కింది, 28 ఏళ్ల తర్వాత.

రీల్స్‌లో వచ్చేది ఆఖరి నిమిషం, రెండు గొంతులు ఒకదాని మీద ఒకటి ఎక్కి పాడే చోటు. దాని బలం దాని ముందున్న నాలుగు నిమిషాల్లో ఉంది. మొదట్లో జానీ గిటార్ మిగతా బ్యాండ్ కంటే వేరే తాళంలో పోతుంటుంది. అందుకే వాయిద్యాలు గుండ్రంగా తిరుగుతున్నట్టు, ఎక్కడా కాలు మోపనట్టు ఉంటుంది. పాటలో కనిపించేవి రోడ్లు, ట్రామ్ లైన్లు, బయల్దేరి దిగే ప్రయాణాలు, వాటిలో ఏమీ అనిపించక కూర్చున్న జనం. రాత్రిళ్లు షిఫ్టు దిగి క్యాబ్‌లో వెనక్కి వస్తున్నప్పుడు ఉండే స్థితి అది. ఆల్బమ్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాట ఇదే.

'ఎలక్షనీరింగ్' మిగతా వాటితో కలవట్లేదు. నాకొక్కడికేనా?

మీకొక్కరికే కాదు. గిటార్లు గట్టిగా మోగే పాత పద్ధతి రాక్ పాట అది. ఓట్లడిగే నాయకుడి మాటలు, అంతర్జాతీయ ద్రవ్యనిధి ప్రస్తావన ఉంటాయి. బలహీనమైన పాట ఏదంటే ఎక్కువమంది చూపించేది దీన్నే, నేనూ అంతే. కానీ 'ఫిట్టర్ హ్యాపియర్' తర్వాత చెవులు దులపడానికి అక్కడ ఏదో ఒక మోత కావాలి.

## పాటల అర్థాలు

'కర్మ పోలీస్'లో కర్మ అంటే మన కర్మేనా?

మాట మన దగ్గరిదే, వాడకం సరదాకి. టూర్‌లో ఎవరైనా వెధవ పని చేస్తే 'కర్మ పోలీసులు పట్టుకుంటారులే' అని బ్యాండ్ వాళ్లు ఒకరితో ఒకరు అనుకునేవాళ్లు. పాటలో మొదట ఇతరుల మీద ఫిర్యాదు చేసిన వ్యక్తే చివరికి తన్ను తాను పోగొట్టుకున్నానని పాడతాడు. జోనథన్ గ్లేజర్ తీసిన వీడియో కూడా అంతే. కారు ఒకణ్ణి తరుముతూ పోయి, చివర్లో తరిమిన కారే చిక్కుల్లో పడుతుంది. పాట ఆఖర్లో వచ్చే వింత శబ్దం ఎడ్ ఒబ్రయన్ గిటార్‌ది. డిజిటల్ డిలే యంత్రంలో శబ్దాన్ని తనలోకే తిప్పి తిప్పి వదిలాడు. అందుకే పాట ముగిసినట్టుండదు, కూలిపోయినట్టుంటుంది.

'ఎగ్జిట్ మ్యూజిక్ (ఫర్ ఎ ఫిల్మ్)' అంటున్నారు, ఏ సినిమాకి?

బాజ్ లూర్మాన్ 1996లో తీసిన 'రోమియో + జూలియట్' చివరి టైటిల్స్ కోసం రాశారు. ఇంట్లోంచి పారిపోతున్న ఇద్దరు ప్రేమికుల పాట. ఒక్క గిటార్, ఒక్క గొంతుతో మొదలై మధ్యలో మెలోట్రాన్ అనే పాత కీబోర్డు నుంచి కోరస్ గొంతులు వస్తాయి. ఆపైన డ్రమ్స్, పగిలిన శబ్దంతో బేస్. ఆఖరి మాట శాపం.

'నో సర్‌ప్రైజెస్' హాయిగా ఉందే, మరి అందరూ విషాదం అంటారెందుకు?

రాగం హాయిగానే ఉంటుంది. గిటార్ పక్కనే మోగేది గ్లాకెన్‌స్పీల్, చిన్నపిల్లల బొమ్మ వాయిద్యంలాంటి గంటల శబ్దం. మాటలు మాత్రం ఉద్యోగం నెమ్మదిగా చంపేస్తుంటే గొడవ లేకుండా, గోల లేకుండా ఉంటే చాలనుకునే మనిషివి.

వీడియో చూడండి. గ్రాంట్ గీ తీశాడు. యార్క్ తల మీద గాజు గుండు, అందులో నీళ్లు మెల్లగా నిండి ముక్కు దాటుతాయి, కాసేపు కదలకుండా ఉండిపోతాడు, నీళ్లు దిగగానే మళ్లీ పాడతాడు. తెర మీద కనిపించినంతసేపు నిజంగా ఊపిరి బిగబట్టలేదు. ఆ భాగాన్ని వేగం మార్చి తీశారు. అయినా చాలా టేకులు చెడిపోయాయి. ఆ పాట్లన్నీ గ్రాంట్ గీనే 1998లో తీసిన 'మీటింగ్ పీపుల్ ఈజ్ ఈజీ' డాక్యుమెంటరీలో ఉన్నాయి.

'లక్కీ' ముందే ఎక్కడో వచ్చిందంటారు, నిజమా?

నిజమే. బోస్నియా యుద్ధంలో నలిగిపోతున్న పిల్లల కోసం వార్ చైల్డ్ సంస్థ 'హెల్ప్' అనే ఆల్బమ్ తెచ్చింది. పాల్గొన్న బ్యాండ్లన్నీ 1995 సెప్టెంబర్ 4న, ఒక్కరోజులో తమ పాట రికార్డు చేయాలని షరతు. రేడియోహెడ్ ఇచ్చింది 'లక్కీ'. ఐదు గంటల్లో అయిపోయింది. ఆ పాట విన్నాకే తర్వాతి ఆల్బమ్ ఎలా ఉండాలో వాళ్లకు దారి కనిపించింది.

'క్లైంబింగ్ అప్ ద వాల్స్' వింటే భయమేస్తోంది. అందులో ఆ రొద ఏంటి?

16 వయొలిన్లు. ఒక్కొక్కటీ పక్కదానికి పావు స్వరం తేడాతో వాయించేలా జానీ రాశాడు. పోలండ్ స్వరకర్త పెండెరెట్‌స్కీ హిరోషిమా మృతుల కోసం చేసిన రచన ప్రభావం అది. యార్క్ ఒకప్పుడు మానసిక చికిత్సాలయంలో పనిచేశాడు, మాటల వెనక ఆ అనుభవం ఉంది.

మొత్తంగా ఇది కాన్సెప్ట్ ఆల్బమా?

అంటే పాటలన్నీ ఒకే కథ చుట్టూ తిరిగే ఆల్బమా అని. బ్యాండ్ ఎప్పుడూ ఒప్పుకోలేదు. ఒక కథ గానీ, ఒకే పాత్ర గానీ లేవు. కానీ మొదటి పాట కారు ప్రమాదంలో ఎయిర్‌బ్యాగ్ వల్ల బతికి బయటపడ్డవాడిది. మూడో పాటలో రాత్రి పల్లె రోడ్డు మీద గ్రహాంతరవాసులు వచ్చి తీసుకుపోతే బాగుండనుకునేవాడున్నాడు. 'లెట్ డౌన్' నిండా రవాణా. 'లక్కీ'లో విమానం కూలి సరస్సులోంచి లాగమని అడుగుతున్న మనిషి. చివరి పాట 'ది టూరిస్ట్' కాస్త మెల్లగా పొమ్మని బతిమాలుతుంది. ఫ్రాన్స్‌లో చూడాల్సినవన్నీ ఒక్కరోజులో చూసేయాలని పరుగెత్తే టూరిస్టుల్ని చూసి జానీకి వచ్చిన ఆలోచన అది. ఆ పాట ఒక్క చిన్న గంటతో ఆగుతుంది. కథ లేదు, సరే. బండి మాత్రం మొదటి నుంచి చివరిదాకా ఒకటే.

## తయారీ

ఏ స్టూడియోలో చేశారు?

ఎక్కువ భాగం స్టూడియోలో కాదు. 1996లో డిడ్‌కాట్ అనే ఊరి దగ్గర, ఒకప్పుడు ఆపిల్ పళ్లు నిల్వచేసిన షెడ్డులో మొదలుపెట్టారు. దానికి 'క్యాన్డ్ అప్లాజ్' అని పేరు. అక్కడ తిండికి, బాత్రూమ్‌కి సరైన ఏర్పాట్లు లేవు, పైగా ఇళ్లు దగ్గర కాబట్టి ఎవరికి వాళ్లు ఇంటికి చెక్కేసేవాళ్లు. అయినా నాలుగు పాటలు తేలాయి.

ఆ సెప్టెంబర్‌లో బాత్ నగరం దగ్గర సెయింట్ కేథరిన్స్ కోర్ట్ అనే పాత భవనం అద్దెకు తీసుకున్నారు. అప్పట్లో అది నటి జేన్ సీమోర్‌ది. భవనాన్నే వాయిద్యంగా వాడుకున్నారు. 'ఎగ్జిట్ మ్యూజిక్' గొంతు చుట్టూ ఉన్న ప్రతిధ్వని యంత్రం ఇచ్చింది కాదు, అక్కడి రాతి మెట్లది. 'లెట్ డౌన్' తెల్లవారుజామున 3 గంటలకు బాల్‌రూమ్‌లో రికార్డయింది. ఇంట్లో దయ్యం ఉందని యార్క్ గట్టిగా నమ్మాడు. వయొలిన్ల వంటివి 1997 జనవరిలో లండన్ ఆడియో ఇంటర్నేషనల్ స్టూడియోస్‌లో చేశారు, మాస్టరింగ్ (విడుదలకు ముందు చివరి మెరుగు) అబీ రోడ్ స్టూడియోలో.

పేరులో కంప్యూటర్ ఉంది కదా, కంప్యూటర్ మీదే చేశారా?

చాలా తక్కువ. ఎడ్ ఒబ్రయన్ అంచనాలో 80 శాతం ఐదుగురూ ఒకే గదిలో నిలబడి వాయించిందే. యార్క్ గొంతు చాలా చోట్ల మొదటి టేకే, మళ్లీ మళ్లీ పాడితే కృతకంగా వస్తుందని అతని భయం. పెద్ద మినహాయింపు 'ఎయిర్‌బ్యాగ్'. పాత రికార్డుల ముక్కలతో పాటలు కట్టే డీజే షాడో సంగీతం విని, సెల్వే డ్రమ్స్‌లోంచి కొన్ని సెకన్ల ముక్కను శాంప్లర్ అనే యంత్రంలోకి ఎక్కించి మ్యాకింటాష్‌లో కోసి అతికించారు. పని సరిగా రాక ఉజ్జాయింపుగా చేశామని వాళ్లే చెప్పారు. ఆ పాటకున్న కుంటి నడక అలా వచ్చిందే.

నైజెల్ గాడ్రిచ్ ఎవరు? ప్రతి చోటా ఆ పేరు వినిపిస్తుంది.

నిర్మాత. 'ది బెండ్స్'కి ఇంజనీర్‌గా పనిచేశాడు, దానికి నిర్మాత జాన్ లెకీ. 'లక్కీ' రికార్డింగ్ బాగా కుదరడంతో పూర్తి ఆల్బమ్ అప్పగించారు. అప్పటికి వయసు 25. కంపెనీ పరికరాల కోసం ఇచ్చిన 1,00,000 పౌండ్లతో ఏం కొనాలో నిర్ణయించిందీ అతనే. అప్పటి నుంచి రేడియోహెడ్ ఆల్బమ్‌లన్నిటికీ అతనే కాబట్టి ఆరో సభ్యుడంటారు.

గిటార్ నేర్చుకుంటున్నా. ఇందులో ఏ పాటతో మొదలుపెట్టాలి?

'కర్మ పోలీస్'. మామూలు ట్యూనింగ్, కాపో అక్కర్లేదు, ఏ మైనర్, ఈ మైనర్, జీ, సీ, డీ లాంటివే ఎక్కువ. బీ మైనర్ దగ్గర వేళ్లు కాస్త నొప్పెడతాయి. తర్వాత 'ఎగ్జిట్ మ్యూజిక్', రెండో ఫ్రెట్‌లో కాపో పెట్టి ఏ మైనర్ షేప్‌తో మొదలుపెట్టండి. 'నో సర్‌ప్రైజెస్' ఎఫ్ మేజర్‌లో ఉంది కాబట్టి మూడో ఫ్రెట్‌లో కాపో, డీ షేప్. వినడానికి తేలిక, కానీ ఆ ఆర్పెజియో ఎక్కడా తడబడకుండా నాలుగు నిమిషాలు నడపాలి. 'పారనాయిడ్ ఆండ్రాయిడ్' జోలికి ఇప్పుడే వెళ్లకండి.

## విడుదల, ఆ తర్వాత

రాగానే హిట్టయిందా?

అమెరికాలో క్యాపిటల్ కంపెనీ టేపు విని కంగారుపడింది. 20 లక్షల కాపీలు పోతాయనుకున్న అంచనాను 5 లక్షలకు దించింది. రేడియోలో వేయదగ్గ పాట ఏదీ వాళ్లకు కనిపించలేదు. అయినా ప్రచారానికి మాత్రం వెనకాడలేదు, పాత్రికేయులకు 1,000 క్యాసెట్ ప్లేయర్లు పంపింది, క్యాసెట్ బయటికి రాకుండా లోపలే అంటించేసి.

జపాన్‌లో 1997 మే 21న, బ్రిటన్‌లో జూన్ 16న, అమెరికాలో జూలై 1న వచ్చింది. బ్రిటన్‌లో మొదటి స్థానం, అమెరికాలో 21. ఆరు నిమిషాలు దాటిన 'పారనాయిడ్ ఆండ్రాయిడ్'ని కోత లేకుండా సింగిల్‌గా వేస్తే బ్రిటన్‌లో మూడో స్థానానికి ఎక్కింది. అప్పటికి అక్కడ ఒయాసిస్, బ్లర్ లాంటి బ్యాండ్ల బ్రిట్‌పాప్ సంబరం, కొత్తగా గెలిచిన టోనీ బ్లెయిర్ ప్రభుత్వం. అంతా బాగుందని పాడుకుంటున్న సమయంలో ఈ ఆల్బమ్ దిగింది.

గ్రామీ వచ్చిందా?

1998లో ఉత్తమ ఆల్టర్నేటివ్ మ్యూజిక్ ఆల్బమ్ గ్రామీ వచ్చింది. ఆ ఏడాది ఉత్తమ ఆల్బమ్‌కి కూడా నామినేట్ అయింది, కానీ అది బాబ్ డిలన్‌కి వెళ్లింది. బ్రిటన్ మెర్క్యురీ ప్రైజ్ రోని సైజ్ బృందం ఎగరేసుకుపోయింది. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరచదగ్గ రికార్డింగుల జాబితాలో కూడా దీన్ని చేర్చింది.

కవర్ మీద ఉన్నది ఏ ఊరు?

అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రం, హార్ట్‌ఫర్డ్ నగరంలోని హైవే కూడలి అని అభిమానులు చాలా ఏళ్ల తర్వాత పట్టేశారు. బ్యాండ్ 1996 టూర్‌లో అటు వెళ్లింది. బొమ్మ చేసింది స్టాన్లీ డాన్‌వుడ్, టామ్ యార్క్ కలిసి, కంప్యూటర్ మీద. వాళ్లు పెట్టుకున్న నియమం: గీసింది చెరపకూడదు. నచ్చకపోతే దాని మీదే ఇంకోటి గీయాలి. ఆ తెల్లటి గీతలు, మరకలు అలా పేరుకున్నవే.

1997 గ్లాస్టన్‌బరీ కచేరీ గురించి ఎందుకంత గొప్పగా చెప్పుకుంటారు?

గ్లాస్టన్‌బరీ అంటే ఇంగ్లండ్‌లో పొలాల్లో జరిగే పెద్ద సంగీతోత్సవం. జూన్ 28 రాత్రి, బురదలో వేలమంది. యార్క్ ముందున్న మానిటర్ స్పీకర్లు చెడిపోయాయి, తాను పాడేది తనకే వినపడదు. లైట్లు కళ్లలో పడి ఏమీ కనపడదు. దిగిపోదామనుకున్నాడు. ఎడ్ ఒబ్రయన్ ఆపాడు. లైట్లు జనం వైపు తిప్పమని అడిగి, ఆ జనాన్ని చూస్తూ మిగతాది పాడాడు. వినేవాళ్లకు అది జీవితంలో మరిచిపోలేని కచేరీ, పాడినవాడికి నరకం.

## ఇంకా కావాలంటే

'ఓకే నాట్ ఓకే' అని ఇంకోటి కనిపిస్తోంది. ఏది వినాలి?

అది 2017 జూన్‌లో, 20 ఏళ్లయిన సందర్భంగా వచ్చింది. అసలు 12 పాటలు, అప్పటి 8 బీ-సైడ్లు (సింగిల్స్‌తో పాటు వచ్చిన అదనపు పాటలు), అంతకుముందు విడుదల కాని 3 పాటలు ఉంటాయి: 'ఐ ప్రామిస్', 'మ్యాన్ ఆఫ్ వార్', 'లిఫ్ట్'. మొదటిసారి వినేవాళ్లు 12వ పాట దగ్గర ఆపేయండి. 'లిఫ్ట్' కథ మాత్రం తెలుసుకోదగ్గది. 1996 కచేరీల్లో జనం ఊగిపోయిన పాట, పెద్ద హిట్టయ్యే లక్షణాలున్నది. అది ఉంటే ఆల్బమ్ ఇంకా చాలా అమ్ముడుపోయేదని, ఆ భయంతోనే తెలియకుండా తామే దాన్ని చంపేశామని ఎడ్ ఒబ్రయన్ తర్వాత చెప్పాడు.

మినీడిస్కుల లీక్ సంగతేంటి?

2019లో యార్క్ దగ్గరున్న ఆ రోజుల మినీడిస్క్ రికార్డింగులు, దాదాపు 18 గంటలవి, ఎవరో దొంగిలించారు. బయటపెట్టకుండా ఉండటానికి 1,50,000 డాలర్లు అడిగారని జానీ చెప్పాడు. బ్యాండ్ డబ్బు కట్టలేదు. మొత్తం తామే బ్యాండ్‌క్యాంప్‌లో 18 పౌండ్లకు 18 రోజులపాటు పెట్టి, వచ్చింది ఎక్స్‌టింక్షన్ రెబెలియన్ అనే పర్యావరణ ఉద్యమానికి ఇచ్చేసింది. వీరాభిమానులకు తప్ప వినడం కష్టం.

'ఇన్ రెయిన్‌బోస్'తో పాట మార్చి పాట కలిపి వినాలంటున్నారు. నిజంగా అలా చేశారా?

2007లో వచ్చిన 'ఇన్ రెయిన్‌బోస్'కి, దీనికి మధ్య పదేళ్లు, పేర్లలో ఇంగ్లీషు అక్షరాలు పదేసి, కాబట్టి రెండూ ఒకదానికొకటి జోడీ అని అభిమానుల సిద్ధాంతం. బ్యాండ్ ధ్రువీకరించలేదు. కొన్ని చోట్ల ఒక పాటలోంచి ఇంకోదానికి మారడం బాగానే కుదురుతుంది. ఆదివారం కాలక్షేపానికి సరే.

ఇది బాగా నచ్చింది. తర్వాత ఏం వినాలి?

గిటార్లు నచ్చితే వెనక్కి 'ది బెండ్స్'కి వెళ్లండి. ఆ వింత శబ్దాలు నచ్చితే ముందుకు, 2000లో వచ్చిన 'కిడ్ ఎ'కి. అక్కడ గిటార్లు దాదాపు మాయం, కంప్యూటర్లు నిజంగా వచ్చేది అందులోనే. రెండిటికీ మధ్యలో ఏదైనా కావాలంటే 'ఇన్ రెయిన్‌బోస్'.

ఈ బ్యాండ్‌కి మన దేశంతో ఏమైనా సంబంధం ఉందా?

జానీ గ్రీన్‌వుడ్, నైజెల్ గాడ్రిచ్ ఇద్దరికీ ఉంది. 2015లో జోధ్‌పూర్ మెహ్రాన్‌గఢ్ కోటలో తాత్కాలికంగా స్టూడియో పెట్టి, స్వరకర్త షాయ్ బెన్ జూర్‌తో, రాజస్థాన్ ఎక్స్‌ప్రెస్ అనే బృందంతో కలిసి 'జునూన్' అనే ఆల్బమ్ చేశారు. బాకాలు, ఢోలక్‌లు, ఖవ్వాలీ గొంతులు ముందుంటాయి, జానీ ఎక్కడో వెనక గిటార్, బేస్ పట్టుకుని ఉంటాడు. దర్శకుడు పాల్ థామస్ ఆండర్సన్ అదే పేరుతో డాక్యుమెంటరీ కూడా తీశాడు. 'ఓకే కంప్యూటర్' విన్న వెంటనే మాత్రం పెట్టకండి. ఒక రాత్రి గడిచాక, పొద్దున్నే వినండి.